ఐక్యూ 68 అని రిపోర్టు వచ్చిన మూడో తరగతి పాప: పునఃపరిశీలన కేసు

ముందుగా ఒక మాట. ఇది ఒక్క పిల్ల కేసు కాదు. ఒకే తీరున వచ్చే కేసులను కలిపి శిక్షణ కోసం కూర్చినది. ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు, స్కోర్లు అమర్చాం. పరీక్షల నిర్మాణం, సిద్ధాంతాలు, నిర్ధారణ నియమాలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే. పరీక్షల్లోని అసలు ప్రశ్నలు ఎక్కడా ఇవ్వలేదు, ఇవ్వకూడదు కూడా.

ఎందుకు పంపారు

పాప వయసు 8 ఏళ్ల 7 నెలలు. హైదరాబాద్ శివారులో ఇంగ్లిష్ మీడియం ప్రైవేటు బడిలో మూడో తరగతి. తల్లిదండ్రులు దేవరకొండ వైపు తండా నుంచి పనికోసం వచ్చారు. తండ్రి సెంట్రింగ్ పని చేస్తాడు, తల్లి అపార్ట్‌మెంట్లలో ఇంటిపని చేస్తుంది. ఇంట్లో మాట్లాడేది లంబాడీల భాష గోర్ బోలి, వీధిలో తెలుగు. ఇంగ్లిష్ వినపడేది బడిలోనే. రెండో తరగతి సగంలో ఈ బడిలో చేరింది. అంతకుముందు తండాలో నానమ్మ దగ్గర ఉండి ఊరి బడికి వెళ్లేది.

బడి చెప్పింది ఇదీ: అడిగితే జవాబు చెప్పదు, నోట్సులో బోర్డు మీదిది గీతల్లా దించుకుంటుంది, పరీక్ష పేపరు ఖాళీగా ఇస్తుంది, ఎవరితోనూ కలవదు. బయట ఐక్యూ టెస్టు చేయించమంటే చేయించారు. ఒక పేజీ రిపోర్టు వచ్చింది: ఐక్యూ 68, తేలికపాటి మేధో వైకల్యం, ప్రత్యేక పాఠశాలకు పంపాలి. ఆ కాగితం చూసి బడివాళ్లు సదరం క్యాంపుకు వెళ్లి వైకల్య సర్టిఫికెట్ తెచ్చుకోమన్నారు.

తండ్రి మాటలు యథాతథంగా కేసు షీటులో రాసుకోదగ్గవి: "మా పోరి ఇంట్ల గిట్లుండదు మేడం. ఒక్క నిమిషం నోరు మూయదు. బడికి పోతేనే మూగదైతది."

రిఫరల్ కాగితం మీద ఉన్న ప్రశ్న "ఐక్యూ ఎంత?" అని. తండ్రి మాటలో ఉన్న ప్రశ్న వేరు. ఒకే పిల్ల రెండు చోట్ల రెండు రకాలుగా ఎందుకు ఉంటోంది? పనికొచ్చేది రెండోదే. కేసంతా దాని చుట్టూనే నడిపాం.

పాత రిపోర్టును చదవడం

వాడింది మిసిక్, అంటే ఏ.జె. మాలిన్ నాగపూర్‌లో భారతీయ పిల్లల కోసం తయారుచేసిన వెక్స్లర్ ఐక్యూ పరీక్షల తరహా పరీక్ష. అది 1969 నాటిది. అందులో మాటల భాగం, చేతలతో చేసే భాగం విడివిడిగా ఉంటాయి. రెండింటి సగటే మొత్తం ఐక్యూ. ఈ పాపకు మాటల భాగం 58, చేతల భాగం 78. వాటి సగటు 68.

ఆ సగటు దగ్గర ఆగిపోవడమే మొదటి పొరపాటు. 20 పాయింట్ల తేడా ఉన్న రెండు అంకెల సగటు ఆ పిల్ల గురించి ఏమీ చెప్పదు. విడి ఉపపరీక్షల్లోకి వెళ్లాలి. మాటల భాగంలో సమాచారం 52, గ్రహింపు 50, అంకగణితం 64, పోలికలు 56, పదజాలం 48, అంకెల జ్ఞాపకం 78. చేతల భాగంలో బొమ్మలో లోపం గుర్తించడం 72, బ్లాక్ డిజైన్ (బ్లాకులతో నమూనా కూర్చడం) 92, ముక్కలు కూర్చడం 84, కోడింగ్ (గుర్తులను చూసి వేగంగా రాయడం) 66, మేజ్‌లు (చిక్కుదారుల్లో దారి గీయడం) 76.

వరుస చూడండి. భాష ఎంత ఎక్కువ కావాలో స్కోరు అంత కింద ఉంది. పదజాలం అన్నిటికంటే అడుగున, చూపించి చేయించగలిగే బ్లాక్ డిజైన్ అన్నిటికంటే పైన. మాటల భాగంలో కూడా అంకెల జ్ఞాపకం ఒక్కటే 78 దాకా లేచింది, ఎందుకంటే ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు ఆమెకు బడిలో వచ్చిన కొద్ది ఇంగ్లిష్‌లోనివే. చేతల భాగంలో బాగా పడిపోయింది కోడింగ్. అది గడియారం పెట్టి చేయించేది, పెన్సిలు పట్టు, వేగం అడుగుతుంది. నిజమైన మేధో వైకల్యంలో కూడా ఎత్తుపల్లాలు ఉంటాయి కాబట్టి ఈ వరుస దానంతటదే రుజువు కాదు. మళ్లీ చూడాల్సిన అవసరం ఉందని మాత్రం గట్టిగా చెబుతుంది.

రిపోర్టులో లేనివి ఇంకా ముఖ్యం. ఏ భాషలో అడిగారో రాయలేదు. ఫోన్ చేసి కనుక్కుంటే ఇంగ్లిష్, తెలుగు కలిపి అడిగారని తేలింది. పరీక్ష సాయంత్రం నాలుగింటికి, బడి అయిపోయాక, ఒక్క కూర్చోవడంలో జరిగింది. క్లాస్ టీచర్ గదిలోనే కూర్చున్నారు. అనుకూల ప్రవర్తన, అంటే రోజువారీ బతుకు నడుపుకునే తీరు, అసలు కొలవలేదు.

ఈ చివరిది లేకుండా నిర్ధారణ నిలవదు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ నిర్ధారణ పుస్తకం) ప్రకారం మేధో వైకల్యానికి మూడూ ఉండాలి: మేధస్సులో లోటు, అనుకూల ప్రవర్తనలో లోటు, రెండూ ఎదిగే వయసులోనే మొదలుకావడం. తీవ్రతను కూడా ఐక్యూతో కాదు, అనుకూల ప్రవర్తనతో నిర్ణయిస్తారు. ఒక్క ఐక్యూ అంకెతో "తేలికపాటి" అని రాయడానికి ఆధారమే లేదు.

అంకెకు ఉండే ఊగిసలాటనూ రిపోర్టు చూపలేదు. ప్రామాణిక దోషం లెక్క సులువే: ఐక్యూ స్కోర్ల ప్రామాణిక విచలనం 15ను, ఒకటిలోంచి విశ్వసనీయతను (స్కోరు ఎంత నిలకడగా వస్తుందో చెప్పే అంకెను) తీసేసిన దాని వర్గమూలంతో గుణించాలి. విశ్వసనీయత 0.91 అనుకుంటే అది 4.5. 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే అటూ ఇటూ సుమారు 9. అంటే పరీక్ష సవ్యంగా జరిగి ఉన్నా ఈ 68 అర్థం "59 నుంచి 77 మధ్య ఎక్కడో" అని. ఇక్కడ సవ్యంగానే జరగలేదు.

ఒక సూక్ష్మం కూడా గుర్తుంచుకోవాలి. అర్ధ శతాబ్దం దాటిన నార్మ్స్, అంటే స్కోరును పోల్చి చూసే తోటిపిల్లల లెక్కలు, సాధారణంగా స్కోరును పైకి లాగుతాయి. చాలా దేశాల్లో తరతరానికీ సగటు స్కోర్లు పెరుగుతూ వచ్చాయని జేమ్స్ ఫ్లిన్ చూపించారు, అమెరికా లెక్కలో అది దశాబ్దానికి దాదాపు 3 పాయింట్లు. కాబట్టి ఈ పాప స్కోరును భాష కిందికి లాగింది, పాత నార్మ్స్ పైకి నెట్టాయి. రెండూ కొట్టేసుకుంటాయని అనుకోవడానికి లేదు. "నార్మ్స్ పాతవి కాబట్టి అసలు ఐక్యూ ఇంకా ఎక్కువ" అని తల్లిదండ్రులకు ధైర్యం చెప్పడమూ తప్పే.

పరీక్షకు ముందు

మొదట శరీరం. వినికిడి పరీక్షలో రెండు చెవులూ మామూలే, చూపు 6/6, థైరాయిడ్ మామూలే. హిమోగ్లోబిన్ 10.2 గ్రాములు. 5 నుంచి 11 ఏళ్ల పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ గీసిన గీత 11.5. రక్తహీనత ఉన్న పిల్లను బడి అయ్యాక నాలుగింటికి కూర్చోబెట్టి కోడింగ్ చేయిస్తే కొలిచింది వేగాన్నా, అలసటనా? పిల్లల డాక్టరు ఐరన్ మొదలుపెట్టారు.

తర్వాత స్వభావం. మొదటి సెషన్‌లో పరీక్ష ఏదీ పెట్టలేదు. గదిలో పూసలు, దారం, మట్టి, కొన్ని డబ్బాలు ఉంచి తల్లితో మాట్లాడాం. పాప 25 నిమిషాలు తల్లి కొంగు వదల్లేదు. ఆ తర్వాత పూసల దగ్గరికి వచ్చింది. 40వ నిమిషానికి రంగులు మార్చి మార్చి వరుస తప్పకుండా గుచ్చుతూ తనలో తాను మాట్లాడుకుంటోంది. 1956లో న్యూయార్క్‌లో మొదలైన దీర్ఘకాల అధ్యయనంలో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ ఇలాంటి పిల్లలను విడిగా గుర్తించారు. కొత్త చోటును, కొత్త మనిషిని చూస్తే మొదట వెనక్కి తగ్గి, తొందరపెట్టకపోతే నెమ్మదిగా కలిసేవాళ్లు. వాళ్ల లెక్కలో దాదాపు 15 శాతం. ఇది జబ్బు కాదు, లోపం కాదు, వ్యక్తిత్వానికి పుట్టుకతో వచ్చిన పునాది. అయితే కొత్త గది, కొత్త మనిషి, వెంటనే మొదలయ్యే ప్రశ్నలు కలిసిన చోట ఈ స్వభావం నేరుగా స్కోరులోకి దిగుతుంది. మొదటి ఉపపరీక్షల జవాబులన్నీ "తెలీదు"లుగానే పోతాయి.

ఇంట్లో తీసిన ఫోన్ వీడియోలు రెండు మూడు తెమ్మని ఎప్పుడూ అడగండి. ఈ పాప వీడియోలో తమ్ముడికి అన్నం పెడుతూ గోర్ బోలిలో ఒక పెద్ద కథ చెబుతోంది. మొదలు, మధ్య, చివర ఉన్నాయి, పాత్రలకు గొంతులు మారుస్తోంది. వాక్యాల పొడవు, కాలాల వాడకం ఆ వయసుకు తగ్గట్టే ఉన్నాయని భాష తెలిసిన సహాయకురాలు నిర్ధారించింది. మొదటి భాషలో భాష బాగుంటే, రెండో మూడో భాషలో మౌనాన్ని భాషా లోపం అనకూడదు.

కొలతలు

అనుకూల ప్రవర్తనకు వైన్‌లాండ్ సోషల్ మెచ్యూరిటీ స్కేల్ భారతీయ రూపం వాడాం. 89 అంశాలు, ఎనిమిది విభాగాలు. తల్లితో ఇంటర్వ్యూ, నానమ్మతో ఫోన్‌లో సరిచూసుకోవడం. ఇక్కడ జరిగే తప్పు ఒకటుంది. "మీ పాప డబ్బులు వాడుతుందా?" అని అడిగితే అవుననే అంటారు. "నిన్న కిరాణా కొట్టుకు ఎవరు వెళ్లారు, ఎంత ఇచ్చారు, ఏం తెచ్చింది, చిల్లర ఎవరు లెక్కపెట్టారు?" అని అడగాలి. సామాజిక వయసు 99 నెలలు వచ్చింది. అసలు వయసు 103 నెలలు. 99ని 103తో భాగించి వందతో గుణిస్తే సామాజిక గుణకం 96.

పని చేసుకునే ఇళ్లలో పిల్లలు తమ్ముళ్లను చూసుకోవడం, నీళ్లు పట్టడం చిన్నప్పుడే నేర్చుకుంటారు, దాంతో మొత్తం గుణకం కాస్త ఉబ్బుతుంది. అందుకే విభాగాలవారీగా చూశాం. సంభాషణ విభాగం ఒక్కటే వెనకబడింది, అది కూడా చదవడం, రాయడం అడిగే అంశాల దగ్గరే. తనను తాను నడుపుకోవడం, సామాజికత వయసుకు తగ్గట్టే ఉన్నాయి.

మేధస్సుకు మిసిక్ మళ్లీ పెట్టలేదు. తక్కువ వ్యవధిలో అదే పరీక్ష పెడితే, ముఖ్యంగా బ్లాకుల లాంటి వాటిలో, అలవాటు వల్లే స్కోరు పెరుగుతుంది. ఆ పెరుగుదలను చూసి పొంగిపోతే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. బదులుగా రేవెన్స్ కలర్డ్ మ్యాట్రిసెస్ తీసుకున్నాం, అంటే బొమ్మ నమూనాలో తప్పిపోయిన ముక్కను కింద ఇచ్చినవాటిలోంచి ఎంచే పరీక్ష. మూడు సెట్లు, సెట్టుకు 12, మొత్తం 36. గడియారం లేదు, మాటతో జవాబు చెప్పనక్కర్లేదు, వేలితో చూపిస్తే చాలు. ఉదయం పదింటికి, తిన్న తర్వాత, టీచర్ లేకుండా, తల్లి కనపడేంత దూరంలో బయట.

సూచనలు గోర్ బోలిలో. దుబాసీని వాడేటప్పుడు ఎక్కువ కేసులు ఇక్కడే చెడతాయి. మనం ఒక్క వాక్యం చెబితే దుబాసీ నాలుగు వాక్యాలు చెబుతారు, అందులో జవాబు సగం ఉంటుంది. ఆప్యాయతతోనే అలా చేస్తారు. ముందురోజు అరగంట కూర్చోబెట్టి సూచనలను రాయించాం, ఇంకొకరితో తిరిగి తెలుగులోకి చెప్పించి సరిచూశాం, "సరైనది చూపించినా తప్పు చూపించినా మీ ముఖం ఒకేలా ఉండాలి" అని చెప్పాం. తండ్రినిగానీ, అన్ననుగానీ దుబాసీగా పెట్టకండి.

మొదటి ఆరేడు అంశాల్లో పాప వరుసగా ఒకే స్థానంలోని ముక్కను చూపించింది. దీన్ని తప్పుల కింద లెక్కేసి ముందుకు పోతే అక్కడే ఇంకో "వైకల్యం" తయారవుతుంది. ఒకే చోటును చూపించడం ఆలోచన లేకపోవడం కాదు, త్వరగా ముగించి బయటపడాలన్న ప్రయత్నం. ఆపి, కాసేపు పూసలకు వెళ్లి, నమూనా అంశం మళ్లీ నేర్పి, "కొన్ని చాలా కష్టంగా ఉంటాయి, అవి ఎవరికీ రావు, చూసి ఏది సరిపోతుందనిపిస్తే అది చూపించు" అని మొదటి నుంచి మొదలుపెట్టాం. అలా చేశామని రిపోర్టులో రాశాం. మొత్తం 23: సెట్లవారీగా 9, 8, 6. వయసు నార్మ్స్‌లో 25, 50 పర్సెంటైల్‌ల మధ్య, అంటే అదే వయసు పిల్లలు వందమందిలో 25 నుంచి 50 మంది కంటే పైన. తేలికైన సెట్లో ఎక్కువ, కష్టమైనదాంట్లో తక్కువ, అంటే గుడ్డిగా చూపించిన స్కోరు కాదు.

బహుమతి సంగతి ఇక్కడే చెప్పాలి. స్కోరుకు చాక్లెట్ ఇస్తామనలేదు. 1973లో లెపర్, గ్రీన్, నిస్‌బెట్ చేసిన ప్రయోగంలో, బొమ్మలు గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పిన నర్సరీ పిల్లలు ఆ తర్వాత తమంతట తాము గీసే సమయం బాగా తగ్గిపోయింది. మెచ్చుకోవాల్సింది ప్రయత్నాన్ని: "అన్నీ చూశాకే చూపించావు." సరైన జవాబుకు "వెరీ గుడ్" అని, తప్పుకు మౌనంగా ఉంటే రెండు నిమిషాల్లో పిల్ల మన ముఖం చదవడం మొదలుపెడుతుంది.

చివరిగా చదువు. ఒకే లెక్కను మూడు రూపాల్లో పెట్టాం. ఇంగ్లిష్ వాక్య లెక్కగా కాగితం మీద: ఖాళీ. తెలుగులో నోటితో: కాసేపు ఆలోచించి సగం దాకా. యాభై నోటు, చిల్లర చేతికిచ్చి "పన్నెండు రూపాయల సబ్బులు రెండు కొంటే ఎంత తిరిగివ్వాలి?" అంటే 26 లెక్కపెట్టి ఇచ్చింది. ఇంగ్లిష్‌లో మూడక్షరాల పదాలను కూడబలుక్కుని పలుకుతుంది, వాటి అర్థం అడిగితే చాలావాటికి తెలీదు. తెలుగులో గుణింతాలు వచ్చు, ఒత్తుల దగ్గర ఆగిపోతుంది.

నిర్దిష్ట అభ్యసన వైకల్యం (చదవడం, రాయడం, లెక్కల్లోనే ఉండే ఇబ్బంది) అని రాయవచ్చా? ఇప్పుడు కాదు. బోధనా భాష రాకపోవడం, సరైన బోధన అందకపోవడం ఈ కష్టాన్ని ఎక్కువగా వివరించగలిగితే ఆ నిర్ధారణ చేయకూడదని డీఎస్ఎం-5 స్పష్టంగా అంటుంది.

తరగతి గదిలో

బడి ఒప్పుకుంటే ఒక పూట తరగతిలో వెనక కూర్చుని చూడటం ఏ టెస్టుకూ తీసిపోదు. పాప చివరి బెంచీ. రెండు పీరియడ్‌లలో టీచర్ ఆమెను అడిగిన ప్రశ్నలు సున్నా. పక్క పిల్లలు "అది మొద్దు టీచర్" అంటే ఎవరూ ఖండించలేదు. ముందు బెంచీల వాళ్లను అడిగినప్పుడు కూడా జవాబు కోసం ఒక సెకను మించి ఆగడం లేదు. ఇది ఈ టీచర్‌కు ప్రత్యేకం కాదు. మేరీ బడ్ రో 1970లలో అమెరికా తరగతి గదుల్లో చూసింది కూడా ఇదే, సగటున ఒక సెకను. దాన్ని మూడు సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, అంతవరకు మాట్లాడనివాళ్లు మాట్లాడారు.

రిపోర్టు వచ్చాక టీచర్ ప్రవర్తన మారిందా? మారింది, దయతోనే. "పాపం, దానికి రాదు కదా, ఎందుకు ఇబ్బంది పెట్టడం" అని అడగడం మానేశారు. 1968లో రోసెంథాల్, జాకబ్‌సన్ ప్రచురించిన అధ్యయనం టీచర్ల అంచనా పిల్లల స్కోర్లను మార్చగలదని చెప్పింది. ఆ ప్రభావం చిన్న తరగతుల్లోనే కనపడింది, దాని పరిమాణం మీద విమర్శలూ ఉన్నాయి. అంచనా వల్ల ఐక్యూ ఇన్ని పాయింట్లు మారుతుందని మనం చెప్పలేం. కానీ అంచనా వల్ల అడిగే ప్రశ్నలు తగ్గుతాయని కళ్లతో లెక్కపెట్టి చెప్పగలం, ఈ పాపకు జరిగింది అదే.

మొదటి పరీక్షలో టీచర్ గదిలో ఉండటం కూడా చిన్న విషయం కాదు. ఎదుట మనిషి ఉంటే బాగా వచ్చిన పని ఇంకా బాగా చేస్తాం, రాని పని ఇంకా పాడుచేస్తాం అని 1965లో రాబర్ట్ జయోంక్ వివరించారు. తనను మొద్దు అనుకుంటున్న మనిషి ఎదుట, రాని భాషలో, ఎన్నడూ చూడని పనులు.

రిపోర్టులో రాసింది

"ప్రస్తుత ఆధారాల ప్రకారం మేధో వైకల్య నిర్ధారణకు ప్రమాణాలు నెరవేరలేదు. మాటలు అవసరం లేని తార్కిక సామర్థ్యం సగటు పరిధిలో ఉంది. అనుకూల ప్రవర్తన వయసుకు తగినట్టు ఉంది. మునుపటి 68 స్కోరు భాష, పరీక్ష పరిస్థితుల వల్ల సామర్థ్యానికి చెల్లే కొలత కాదు. మాటల సామర్థ్యం అంచనా వేయడానికి మొదటి భాషలో ప్రామాణిక సాధనం అందుబాటులో లేదు కాబట్టి మొత్తం ఐక్యూ ఇవ్వడం లేదు."

చివరి వాక్యం రాయడానికి చాలామంది జంకుతారు, అంకె లేని రిపోర్టు అసంపూర్ణంగా కనపడుతుందని. రేవెన్స్ పర్సెంటైల్‌ను ఐక్యూగా మార్చి ఇచ్చేస్తే ఒక తప్పు అంకె స్థానంలో ఇంకో తప్పు అంకె వచ్చి కూర్చుంటుంది.

దీనికి ఎదురు ప్రమాదం కూడా అంతే నిజం. పేద పిల్ల, గిరిజన పిల్ల అనగానే "ఇది భాష సమస్యే" అని జాలితో తేల్చేస్తే, నిజంగా మేధో వైకల్యం ఉన్న పిల్లలకు తొలి శిక్షణ, పింఛను, చట్టం ఇచ్చిన హక్కులు అందకుండా పోతాయి. ఈ పాపకు రేవెన్స్ 5వ పర్సెంటైల్ కింద, సామాజిక గుణకం 65 దగ్గర వచ్చి, తండాలో కూడా తోటిపిల్లల కంటే నడక, మాట ఆలస్యమై ఉంటే, భాష ఏదైనా నిర్ధారణ రాసేవాళ్లం. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి కోసం ఉన్న జాతీయ సంస్థకు పంపేవాళ్లం.

సర్టిఫికెట్ వస్తే పింఛను వస్తుందని ఎవరో చెప్పారని తండ్రి అడిగాడు. తప్పు పట్టాల్సిన ప్రశ్న కాదు. అర్హత లేదని, ఎందుకు లేదో విభాగాలవారీగా చూపించి చెప్పాం.

పన్నెండు వారాల పని

టీచర్‌కు ఇచ్చింది ఒక్క కాగితం. పాపను రెండో బెంచీకి మార్చడం. మరుసటి రోజు పాఠంలోని ఐదు ఇంగ్లిష్ పదాలు బొమ్మలతో, తెలుగు అర్థంతో ముందురోజే ఇవ్వడం. పీరియడ్‌కు ఒక ప్రశ్న, ఆ ఐదు పదాల్లోంచే, అడిగి మనసులో ఐదు లెక్కపెట్టేదాకా ఆగడం. జవాబు తెలుగులో చెప్పినా ఒప్పుకుని, దాన్నే ఇంగ్లిష్‌లో తిరిగి చెప్పడం. "మొద్దు" అన్న మాట వినపడితే అక్కడికక్కడే ఆపడం.

ఇంట్లో ఇంగ్లిష్ మాట్లాడండి అని బడివాళ్లు తల్లిదండ్రులకు చెప్పి ఉన్నారు. ఆ సలహాను వెనక్కి తీసుకోమని కోరాం. రాని భాషలో తల్లి నాలుగు ముక్కలు మాట్లాడితే పాపకు ఇంగ్లిష్ రాదు, ఉన్న కథలు పోతాయి. నానమ్మ ఫోన్‌లో రోజూ ఒక కథ చెప్పడం, పాప దాన్ని తెలుగులో పక్కింటి పిల్లకు చెప్పడం పెట్టాం. ఆటలో, మాటలో కొత్త భాష సుమారు రెండేళ్లలో వస్తుందనీ, పాఠ్యపుస్తకాల భాషకు ఐదు నుంచి ఏడేళ్లు పడుతుందనీ జిమ్ కమిన్స్ చూపించారు. ఇంగ్లిష్ బడిలో చేరి ఏడాదిన్నర కూడా నిండని పిల్ల నుంచి పేపరు నిండా జవాబులు ఆశించడం సరికాదని బడికి చెప్పడానికి ఈ లెక్క పనికొచ్చింది.

పని చేయనివి కూడా ఉన్నాయి. తోడుగా పెట్టిన అమ్మాయి రెండు వారాల్లోనే పాప హోంవర్కు తానే రాసేయడం మొదలుపెట్టింది. ఆ జోడీని మార్చి, తోడు పని కేవలం పదాల బొమ్మల ఆటకు పరిమితం చేయాల్సి వచ్చింది. సాయంత్రం తల్లితో పావుగంట చదువు అన్నది కాగితం మీదే మిగిలింది. ఆమె ఇంటికి చేరేది ఎనిమిదింటికి. దాన్ని ఆదివారానికి మార్చాం.

పన్నెండో వారానికి: టీచర్ నోట్ ప్రకారం రోజుకు మూడు నాలుగు ప్రశ్నలకు జవాబు, ఎక్కువ తెలుగులో, కొన్ని ఒక్క ఇంగ్లిష్ మాటలో. హిమోగ్లోబిన్ 11.6. నోటి లెక్కలు తరగతి స్థాయికి దగ్గరగా, రాత లెక్కలు రెండో తరగతి స్థాయిలో. ఇంగ్లిష్ చదువు ఇంకా ఒకటో తరగతి దగ్గరే. తెలుగు ఒత్తులు ఆశించినంతగా కదల్లేదు.

ఈ చివరిదే ఇప్పుడు గమనించాల్సింది. తెలుగు ఆమె రోజూ వింటున్న, మాట్లాడుతున్న భాష. ఆరు నెలలు వారానికి నాలుగు రోజులు, రోజుకు 20 నిమిషాలు ఒత్తులు నేర్పాక కూడా అక్కడే ఉంటే, భాష కారణం అన్న వివరణ బలహీనపడుతుంది. అప్పుడు అభ్యసన వైకల్యం కోసం తెలుగులో చదవడం, రాయడం, శబ్దాలను విడదీయడం పూర్తిగా పరీక్షించాలి. కదిలితే పరీక్ష పదేళ్ల వయసు దాకా వాయిదా. మేధస్సు పరీక్ష ఏడాదిలోపు మళ్లీ పెట్టకూడదని, పెట్టేవారు పాత రెండు రిపోర్టులూ చూడాలని ఫైలు పైపేజీలో రాసి, ఒక ప్రతి తండ్రికి, ఒక ప్రతి బడికి ఇచ్చాం.